వేదిక మీద ఆడి చూపాలా, ముందే తీసి పెట్టుకోవాలా?

కొత్త వీడియో గేములను ప్రకటించే పద్ధతి గురించి గోదావరి జిల్లాల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. చూసేవాళ్లు రాశారు, తయారు చేసేవాళ్లు రాశారు, మైక్‌సెట్టు అద్దెకిచ్చేవాళ్లూ రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఒకప్పుడు గేము కంపెనీలన్నీ అమెరికాలో పెద్ద హాళ్లలో వేదికెక్కి ప్రకటనలు చేసేవట. ఇప్పుడు అరగంట వీడియో యూట్యూబ్‌లో పెట్టి ఊరుకుంటున్నాయి. ఇది కరోనా తెచ్చిన మార్పేనా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: కరోనాకి చాలా ముందే మొదలైందండి. లాస్ ఏంజెలిస్‌లో ఈ3 ప్రదర్శన 1995 మేలో పుట్టింది. ఏడాదికోసారి అన్ని కంపెనీలూ ఆ ఊళ్లో దిగి, ఒక్కొక్కటి ఒక్కో హాలు పట్టుకుని గంట, గంటన్నర చొప్పున కొత్త గేములు చూపేవి. అందులోంచి ముందుగా పక్కకి జరిగింది నింటెండో. 2011 అక్టోబరు 21న ‘నింటెండో డైరెక్ట్’ పేరుతో ముందే రికార్డు చేసిన కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తానే కెమెరా ముందు నిలబడి చెప్పేవారు. 2013 ఈ3కి ఆ కంపెనీ పెద్ద హాలు సభ మానేసి వీడియోనే విడుదల చేసింది. సోనీ 2019 మార్చిలో ‘స్టేట్ ఆఫ్ ప్లే’ ప్రారంభించి, ఆ ఏడు ఈ3కి అసలు వెళ్లలేదు. 2020 ప్రదర్శన కరోనాతో రద్దయింది, 2021లో ఆన్‌లైన్‌లోనే నడిచింది, 2022లోనూ 2023లోనూ జరగలేదు. ఇక శాశ్వతంగా ఆపేస్తున్నామని 2023 డిసెంబరు 12న నిర్వాహకులు ప్రకటించారు.

కారణాల్లో మొదటిది తేదీ. అందరూ జూన్‌లో ఒకే వారం ప్రకటిస్తే, తీర్థంలో పక్కపక్కన నాలుగు మైకులు పెట్టినట్టే. ఒకరి మాట ఇంకొకరికి వినబడదు. సొంత వీడియో అయితే ఏ గురువారమో ఖాళీ చూసుకుని వదలొచ్చు. రెండోది నిడివి. హాలు తీసుకున్నాక గంటన్నర నింపాలి, సరుకు ఇరవై నిమిషాలకే ఉన్నా సరే. మూడోది భాష. జపాన్ కంపెనీ రికార్డు చేసిన కార్యక్రమం జపనీస్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఒకే నిమిషంలో విడుదలవుతుంది. వేదిక మీద అయితే దుబాసీ పక్కన నిలబడి ప్రతి మాటా రెండోసారి చెప్పాలి.

నాలుగోది భయం. ఆ భయం ఊరికే రాలేదు. 2010 ఈ3లో నింటెండో వేదిక మీద జెల్డా సృష్టికర్త షిగేరు మియమోటో కొత్త జెల్డా గేము ఆడి చూపుతుంటే చేతిలోని రిమోటు తిప్పినట్టు తెరమీద కత్తి తిరగలేదు. హాల్లోని వైర్‌లెస్ పరికరాల అడ్డంకి వల్లే అలా అవుతోందని అక్కడికక్కడే చెప్పుకోవాల్సి వచ్చింది. రికార్డింగ్‌లో పదిసార్లు ఆడి, బాగా వచ్చినదాన్ని పెట్టుకోవచ్చు కదా.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతున్నాను. మా మనవడు చూసే ఈ ప్రకటనల వీడియోల్లో ఎదురుగా జనం ఉండరు. జనం లేని ప్రదర్శనలో ఏం పండుతుందండి?
— రంగస్థల కళాకారుడు, నరసాపురం

జవాబు: మీరు అడిగింది అసలైన ప్రశ్న. పద్యం ఎత్తుకున్నాక అది పండిందో లేదో ‘వన్స్‌మోర్’ చెబుతుంది. గేముల వేదికకీ ఆ గుణం ఉంది, రికార్డు చేసిన వీడియోకి అది రాదు.

మొదటి ఈ3లోనే చూడండి. సెగా కంపెనీ తన శాటర్న్ యంత్రాన్ని 399 డాలర్లకి అమ్ముతున్నట్టు చెప్పింది. తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి, పోటీ యంత్రం ప్లేస్టేషన్ ధరగా ‘299’ అన్న ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. హాలు హోరెత్తింది. ఆ అంకెనే కాగితం మీద అచ్చువేస్తే ధరల పట్టికలో ఒక వరుస అయ్యేది. 2013లోనూ అలాంటిదే జరిగింది. వాడిన డిస్కులు ఇతరులకి ఇచ్చుకోవడం మీద మైక్రోసాఫ్ట్ యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌కి పెట్టబోయిన ఆంక్షల గురించి జనం మండిపడుతున్న వేళ, ప్లేస్టేషన్ 4కి అలాంటివేమీ ఉండవని సోనీ వేదిక మీద చెప్పింది. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆపైన ధర: ఎక్స్‌బాక్స్ 499 డాలర్లు, ప్లేస్టేషన్ 399. ఏ నిర్ణయం జనానికి ఎంత నచ్చిందో ఆ చప్పట్లే కొలిచి చెప్పాయి. 2016లో సోనీ సభ మొదలైంది కూడా బేర్ మెక్‌క్రీరీ నడిపిన వాద్యబృందంతోనే. ఆ సంగీతంలోంచే కొత్త గాడ్ ఆఫ్ వార్ తెరమీదికి వచ్చింది.

కొలత అటు తిరిగినా పనికొస్తుంది. 2018 నవంబరులో బ్లిజార్డ్ కంపెనీ తన అభిమానుల సభలో డయాబ్లో ఇమ్మోర్టల్ అనే మొబైల్ గేము ప్రకటించింది. కంప్యూటర్ గేము కోసం టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు నీరుగారిపోయారు. తర్వాత ప్రశ్నల సమయంలో ఒకతను లేచి, ఇది ఏప్రిల్ ఫూల్ వేళాకోళమా అని మొహమ్మీదే అడిగేశాడు. ‘మీ దగ్గర ఫోన్లు లేవా’ అని వేదిక మీది డెవలపర్ అన్న మాట ఇప్పటికీ కంపెనీని వదల్లేదు. వీడియోగా వదిలి ఉంటే ఆ అసంతృప్తి కామెంట్లలో కరిగిపోయేది. అభిమాని కళ్లలోకి చూసి మాట్లాడాల్సి రావడం కంపెనీలకి మంచిదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఏదో గేము షో లైవ్ అని రాత్రి రెండున్నరకి అలారం పెట్టుకుంటున్నాడు. నిజంగా ఆ వేళకే చూడాలా?
— గృహిణి, అమలాపురం

జవాబు: అక్కర్లేదమ్మా. ‘లైవ్’ అని రాసి ఉన్నా, వాటిలో చాలావరకు ముందే తీసిన వీడియోలే. ఆ నిమిషానికి అందరికీ ఒకేసారి వదులుతారు, అంతే. పొద్దున్నే లేచి చూసినా ఒక్క ముక్క తప్పిపోదు.

వేళలు లెక్కగట్టే పద్ధతి ఇది. అమెరికా పశ్చిమతీరపు సమయానికి వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతాకాలంలో పదమూడున్నర గంటలు కలపండి. వాళ్ల వేసవి గడియారం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారంతో ముగుస్తుంది. వేసవిలో వాళ్ల ఉదయం 7 మనకి అదే రోజు రాత్రి 7:30. వాళ్ల ఉదయం 10 మనకి రాత్రి 10:30. మధ్యాహ్నం 2 అంటే మీ అబ్బాయి అలారం, తెల్లవారుజామున 2:30. డిసెంబరులో జరిగే గేమ్ అవార్డ్స్ అక్కడ సాయంత్రం 5కి మొదలైతే మనకి మర్నాడు ఉదయం 6:30. దానికి కాఫీ వేళకి లేస్తే చాలు. జర్మనీలో ఆగస్టు రాత్రి 8కి మొదలయ్యేవి మనకి రాత్రి 11:30కి వస్తాయి.

స్నేహితులందరికంటే ముందు తెలుసుకోవాలన్న సరదా ఆ వయసులో సహజం. ఏడాదికి ఒకటో రెండో, సెలవు రోజుల్లో వచ్చేవి ఎంచుకోమనండి.

ప్రశ్న: ప్రకటనలో చూసిన బొమ్మకీ, డబ్బు పెట్టి కొన్నాక వచ్చే గేముకీ పొంతన ఉండటం లేదు. ఏది నమ్మాలి?
— డిగ్రీ విద్యార్థిని, రామచంద్రపురం

జవాబు: వేదికా, వీడియోనా అన్నదానికంటే ముందు చూడాల్సింది, అక్కడ ఎవరైనా గేము ఆడుతున్నారా అన్నది. 2005 ఈ3లో చూపిన కిల్‌జోన్ 2 దృశ్యాన్ని ఆడిన గేమే అనుకున్నారు జనం. నిజానికి అది గేము ఎలా ఉండాలనుకుంటున్నారో చూపడానికి విడిగా తయారు చేసిన బొమ్మ. అసలు గేము 2009లో వచ్చింది. వాచ్ డాగ్స్‌ని 2012లో వేదిక మీద చూపినప్పటి వెలుగునీడలకీ, 2014లో చేతికొచ్చినప్పటి వాటికీ తేడా జనం పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారు. కాబట్టి వేదికెక్కినంత మాత్రాన నిజమైపోదు.

రికార్డు చేసినదంతా అబద్ధమూ కాదు. హేలో ఇన్ఫినిట్‌ని 2020 జూలై 23న ముందే తీసిన కార్యక్రమంలోనే చూపారు. ఉన్నది ఉన్నట్టు కనబడింది, బొమ్మ చప్పగా ఉందని విమర్శలొచ్చాయి. ఆ ఏడాది చివర్లో రావాల్సిన గేము 2021 డిసెంబరు 8కి గానీ రాలేదు.

ట్రైలరు మూల సన్నగా రాసే మాటలు చదవడం అలవాటు చేసుకోండి. ‘సినిమాటిక్’ అంటే విడిగా చేసిన యానిమేషన్. గేము ఎలా ఉంటుందో దాన్నుంచి ఏమీ తేల్చుకోలేం. ‘ఇన్-ఇంజన్’ అంటే గేము నడిచే సాఫ్ట్‌వేర్‌తోనే తీశారు, కానీ కెమెరా తిరిగిన తీరూ పాత్రల కదలికా ఎవరో కూర్చి ఉండొచ్చు. ‘గేమ్‌ప్లే’ అని ఉండి, ఏ యంత్రం మీద తీశారో కూడా రాస్తే అది నమ్మదగ్గది. తెరమీద ప్రాణాల గీత, మ్యాపు, తూటాల లెక్క కనబడుతున్నాయా? కెమెరా ఆడేవాడి వెనకే తిరుగుతోందా? ఆడేవాడు అప్పుడప్పుడూ గోడకి తగులుకుంటున్నాడా? చెయ్యి పెట్టి ఆడేవాడు తడబడతాడు. 2015లో సోనీ వేదిక మీద అన్‌చార్టెడ్ 4 మొదలవగానే కథానాయకుడు కదలకుండా నిలబడిపోయాడు. ఆపి మళ్లీ మొదలుపెట్టారు. చూపినవాళ్లకి అది ఇబ్బందే. కానీ గేము నిజంగా అక్కడ, ఆ చేతిలో నడుస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో జాగ్రత్త. ప్రసారం చూసి బొమ్మ నాణ్యత తేల్చకండి. 2020 జూన్‌లో సోనీ తన ప్లేస్టేషన్ 5 గేములు చూపిన కార్యక్రమం 1080పీలో, సెకనుకి 30 ఫ్రేములతోనే వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పింది కూడా. గేములు అంతకంటే మెరుగ్గా నడిచాయి.

డబ్బు విషయానికొస్తే, ప్రకటన చూసిన రోజే ముందస్తుగా కొనకండి. విడుదలయ్యాక కంపెనీతో సంబంధం లేనివాళ్లు ఆడి పెట్టిన అరగంట వీడియో ఒకటి చూడండి. గేములు అమ్మే స్టీమ్ సైటులో కొంటే 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు.

ప్రశ్న: మేం నలుగురం కలిసి గోదావరి మీద పంటు నడిపే గేము తయారు చేస్తున్నాం. నరసాపురం–సఖినేటిపల్లి రేవు దాని కథాస్థలం. వచ్చే సంక్రాంతికి కల్యాణ మండపం తీసుకుని 300 మంది ముందు ప్రకటిద్దామని ఇద్దరం, వీడియో తీసి వదిలేద్దామని ఇద్దరం పట్టుబడుతున్నాం. తగువు మీరే తీర్చాలి.
— గేము తయారీ బృందం, రాజోలు

జవాబు: తప్పు జరిగితే కొంప మునిగేవన్నీ ముందే రికార్డు చేయండి. జనం కళ్లారా చూడాల్సిన ఒక్కదాన్ని, అంటే ఆడటాన్ని, వేదిక మీద ఉంచండి. నింటెండో 2014 నుంచి ఈ3లో చేసింది ఇదే. ప్రకటన వీడియోగా వదిలి, ఆ వెంటనే ‘ట్రీహౌస్ లైవ్’ పేరుతో గంటల తరబడి గేములు ఆడి చూపేవాళ్లు.

మీ కార్యక్రమం పాతిక నిమిషాలు దాటనివ్వకండి. ఒకటిన్నర నిమిషం ట్రైలరు, రికార్డు చేసిందే. మూడు నిమిషాలు గేము గురించి మాట. ఎనిమిది నిమిషాలు ఆట, లైవ్. చివర్లో పేరు, విడుదల నెల, పేజీ చిరునామా ఉన్న అట్ట, అదీ రికార్డు చేసిందే. మిగతా సమయం జనానిది. నాలుగు కంప్యూటర్లు పెట్టి, వరసలో నిలబెట్టి ఆడనివ్వండి. మండపం తీసుకున్నందుకు ఫలితం దక్కేది అక్కడే. పంటు ఎక్కి ఆ రేవు దాటినవాళ్లు మీ హాల్లో ఉంటారు. ఇంజను చప్పుడు తేడాగా ఉంటే మొదటి నిమిషంలోనే చెప్పేస్తారు.

ముందు స్టీమ్ పేజీ పని చూడండి. గేముకి 100 డాలర్ల రుసుము కట్టాలి. పేజీ తనిఖీకి మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది, ఏదైనా తిప్పి పంపితే మళ్లీ అంతే. కాబట్టి నెల ముందే పంపి ఆమోదం తెచ్చుకుని, బయటికి కనబడకుండా ఉంచండి. సభ రోజు ట్రైలరు ముగిసిన నిమిషంలో పేజీ తెరిచే పని ఒక్కరికే అప్పగించండి, ఆ మనిషికి వేరే పని పెట్టకండి. పేజీ తెరిచాక కనీసం రెండు వారాలు ‘త్వరలో’ అన్న స్థితిలో ఉంటేనే గేము విడుదల చేయనిస్తారు. క్యూఆర్ కోడ్ తెరమీద చూపుతారు కదా, దాని వెడల్పు చూసే దూరంలో పదో వంతు ఉండాలి. చివరి వరస 20 మీటర్ల దూరంలో ఉంటే 2 మీటర్ల కోడ్ కావాలి, అంటే దాదాపు తెరంతా. అంతకంటే ప్రతి కుర్చీలో ఒక చిన్న కార్డు పెట్టడం తేలిక.

ఇక ఆట. సభకి ఏడు రోజుల ముందు ఆ ప్రతిని పక్కకి తీసి తాళం వేయండి. ఆ తర్వాత ఒక్క అక్షరం కోడ్ మార్చకూడదు. ఆఖరి రాత్రి చిన్న దిద్దుబాటు చేద్దామన్న ఆశే వేదిక మీద గేము ఆగిపోవడానికి పెద్ద కారణం. ఎనిమిది నిమిషాల ఆటని మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్క మొదట్లో సేవ్ పెట్టుకోండి: రేవు వదలడం, నడి గోదాట్లో ఎదురుగాలి, అవతలి ఒడ్డుకి ఆనించడం. ఎక్కడ ఆగినా 20 సెకన్లలో ఆ ముక్క నుంచి అందుకోగలగాలి. ఆడే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఇరవైసార్లు ఆడాలి. ఆఖరి పదిసార్లలో ఏ చోట ఒక్కసారి గేము ఆగినా ఆ చోటుని ప్రదర్శనలోంచి తీసేయండి, ఎంత అందంగా ఉన్నా సరే.

ఆడేవాడూ మాట్లాడేవాడూ వేరు వేరుగా ఉండాలి. రెండూ ఒక్కడే చేస్తే మాట తప్పుతుంది, లేదా పంటు గట్టుకి కొట్టుకుంటుంది. మాట్లాడేవాడి జేబులో నిమిషానికి సరిపడా అదనపు సంగతులు ఉండాలి: రేవు శబ్దాలు ఎలా తీశారు, ప్రవాహం లెక్క ఎలా కట్టారు లాంటివి. గేము ఆగితే అవి చెబుతూ ఉండాలి, ఆడేవాడు ఆ లోపు అందుకోవాలి.

కంట్రోలరుని తీగతో కలపండి. 300 మంది జేబుల్లో 300 ఫోన్లుంటాయి. బ్లూటూత్, వైఫై రెండూ అదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తోసుకుంటాయి. మియమోటో అంతటివాడికి ఏమైందో పైన చెప్పాం. ప్లేస్టేషన్ 5 యంత్రం మీద ఆడితే తీగ గుచ్చినంత మాత్రాన చాలదు, యంత్రం సెట్టింగుల్లో కంట్రోలరు కమ్యూనికేషన్ పద్ధతిని యూఎస్‌బీ కేబుల్‌కి మార్చాలి. కంప్యూటర్లో విండోస్ అప్‌డేట్లు ఆపండి, నోటిఫికేషన్లు, స్లీప్ తీసేయండి. వాట్సాప్ మూసేయండి, మేనత్త పెట్టిన పండగ శుభాకాంక్షలు పెద్ద తెరమీద ప్రత్యక్షం కాకూడదు.

అదే ఎనిమిది నిమిషాల ఆటని రికార్డు చేసి రెండో ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంచండి. గేము రెండుసార్లు ఆగితే దానికి మారండి. అయితే ‘ఇది నిన్న తీసిన రికార్డింగు’ అని మైకులో చెప్పి మరీ మారండి. చెప్పకుండా వీడియో వేసి, కంట్రోలరు పట్టుకుని ఆడుతున్నట్టు నటించడం మోసం. ఒక్కరు పట్టుకున్నా ఊరంతా తెలుస్తుంది.

కరెంటు మాట. జనరేటరు ఉన్నా, అది అందుకునే లోపు పోయే కొన్ని సెకన్లకి కంప్యూటరు ఆరిపోతుంది. కంప్యూటరు, ఆడేవాడి మానిటరు, వీడియో స్విచ్చరు (ఏ బొమ్మ తెరమీదికి పోవాలో మార్చే పెట్టె) యూపీఎస్ మీద ఉండాలి. ఇళ్లల్లో వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దగ్గర. గేము కంప్యూటరు ఒక్కటే అంతకంటే ఎక్కువ లాగొచ్చు. 1500 వీఏ తీసుకోండి. చవక యూపీఎస్‌లు బ్యాటరీకి మారినప్పుడు శుద్ధమైన సైన్ వేవ్ ఇవ్వవు, కొన్ని కంప్యూటర్ల పవర్ సప్లయిలు దానికి ఆరిపోతాయి. ముందురోజు గేము నడుస్తుండగా గోడ ప్లగ్గు పీకి చూడండి. దుకాణంలో చెప్పిన మాట కంటే ఆ పరీక్షే నమ్మదగ్గది.

మండపం నుంచి నేరుగా యూట్యూబ్ ప్రసారం మాత్రం వద్దు. 1080పీ ప్రసారానికి సుమారు 10 ఎంబీపీఎస్ అప్‌లోడు నిలకడగా కావాలి, దానికి రెట్టింపు చేతిలో ఉంటేనే ధీమా. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఊరు ఊరంతా దిగుతుంది. మొబైల్ టవరు ఆ మూడు రోజులూ కిక్కిరిసి ఉంటుంది. ముందురోజు పరీక్షలో 20 వచ్చిన చోట సభ నిండాక 2 కూడా రాదు. సభని రికార్డు చేసి మర్నాడు పెట్టండి. ట్రైలరు మాత్రం సభలో చూపిన నిమిషానికే ప్రీమియర్‌గా బయటికి వెళ్లేలా ముందే ఎక్కించి ఉంచండి.

ప్రశ్న: ఎల్‌ఈడీ తెర, సౌండు అద్దెకిస్తాను. పెళ్లిళ్లకి ఎప్పుడూ మాట రాలేదు గానీ, కాలేజీ గేమింగ్ పోటీలకి పెడితే బొమ్మ లేటుగా వస్తోందంటున్నారు, అక్షరాలు కనబడటం లేదంటున్నారు. తప్పు ఎక్కడుంది?
— తెరల యజమాని, తణుకు

జవాబు: మీ సామాను తప్పు లేదు. పెళ్లికి సరిపడేది ఆటకి సరిపడదు. సెకనుకి 60 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. స్విచ్చరు దగ్గర ఒకటి రెండు, తెర ప్రాసెసరు దగ్గర ఒకటి రెండు, మధ్యలో కన్వర్టరుంటే ఇంకొకటి ఫ్రేములు ఆలస్యమవుతాయి. అన్నీ కలిపి సుమారు 50 నుంచి 83 మిల్లీసెకన్లు. పెళ్లికూతురు తలంబ్రాలు పోసేది అంత ఆలస్యంగా కనబడినా ఎవరికీ పట్టదు. బొటనవేలితో మీట నొక్కిన కుర్రాడికి వెంటనే తెలుస్తుంది. ఆడేవాడు పెద్ద తెర చూసి ఆడకూడదు. కంప్యూటరు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐని స్ప్లిట్టరుతో రెండు చేసి, ఒకటి నేరుగా ఆడేవాడి ఎదుట చిన్న మానిటరుకి, రెండోది స్విచ్చరుకి ఇవ్వండి. వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ వాడకండి.

అక్షరాల సంగతి పిక్సెళ్ల లెక్క. మీరు వాడే అర మీటరు క్యాబినెట్లు పీ3.9 రకమైతే ఒక్కోదాంట్లో 128 పిక్సెళ్లుంటాయి. అడ్డంగా ఏడు, నిలువుగా ఐదు పేరిస్తే, అంటే సుమారు పదకొండున్నర అడుగులు, ఎనిమిదడుగుల తెర, మొత్తం 896 బై 640. గేము పంపేది 1920 బై 1080. దాన్ని సగానికి కుదిస్తే సన్నక్షరాలు అలుక్కుపోతాయి. గేము సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచమని వాళ్లకే ముందు చెప్పండి. దగ్గరి వరస నాలుగు మీటర్ల దూరంలో మొదలుపెట్టండి; పీ తర్వాతి అంకె ఎంతో అన్ని మీటర్లు అన్నది మోటు లెక్కయినా పనికొస్తుంది.

ప్లేస్టేషన్ పెట్టగానే తెర నల్లగా ఉంటే తీగలు మార్చుకుంటూ కూర్చోకండి. అది కాపీ నిరోధం. యంత్రం సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ కింద హెచ్‌డీసీపీ ఆపితే బొమ్మ వస్తుంది. మామూలు హెచ్‌డీఎంఐ తీగ పది మీటర్లు దాటితే బొమ్మ మెరుస్తూ పోతూ ఉంటుంది. దూరానికి ఎస్‌డీఐ కన్వర్టర్లు గానీ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ గానీ వాడండి. ఆప్టికల్ తీగకి ఒక దిక్కే ఉంటుంది. ఏ కొస యంత్రానికో, ఏది తెరకో దాని మీదే రాసి ఉంటుంది. తిరగేసి పరిస్తే మళ్లీ మొత్తం పీకాలి. స్పీకర్లలో గుయ్‌మని శబ్దం వస్తే ల్యాప్‌టాపు ఛార్జరు తీసి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ సమస్య. మధ్యలో డీఐ బాక్సు (ఆ గుయ్‌మనే శబ్దాన్ని ఆపే చిన్న పెట్టె) పెట్టండి, ల్యాప్‌టాపుకీ మిక్సరుకీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి.

కెమెరాతో తెరని తీస్తే అలల గీతలు వస్తాయి. గేము బొమ్మని కెమెరాతో తీయించకండి, స్విచ్చరు నుంచి నేరుగా రికార్డు చేయండి. మనుషుల్ని తీసే కెమెరాకి షట్టరు 1/50 పెట్టండి; మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల మినుకు పడదు.

ప్రశ్న: ప్రకటన వీడియో ఇంట్లోనే రికార్డు చేశాను. మాట ఒక చోట, పెదాలు ఒక చోట ఉంటున్నాయి. యూట్యూబ్‌లో ఎక్కించాక వీడియోలోని నీళ్లు గళ్లు గళ్లుగా పగిలిపోతున్నాయి. — యానిమేషన్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మొదటిది ఫోను చేసే పని. ఫోను కెమెరాలు వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మారుస్తుంటాయి. ఎడిటింగ్‌లో పెట్టే ముందు హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చండి. శబ్దం ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లోనూ ఎడిటరులోనూ 48 కిలోహెర్ట్జ్‌కే ఉంచండి.

రెండోది కుదింపు. నది అలలు, వాన, గాలికి ఊగే కొబ్బరాకులు, వీటిలో ప్రతి ఫ్రేములోనూ ప్రతి చుక్కా మారుతుంది, యూట్యూబ్ ఇచ్చే బిట్‌రేటు చాలదు. మీ 1080పీ వీడియోని 1440పీకి పెంచి ఎక్కించండి. దానికి యూట్యూబ్ మెరుగైన కోడెక్ వాడుతుంది, గళ్లు బాగా తగ్గుతాయి. ముందురోజే ఎక్కిస్తే హెచ్‌డీ ప్రతులు తయారయ్యే వ్యవధి ఉంటుంది. ప్రీమియర్ పెడితే రెండు నిమిషాల కౌంట్‌డౌన్, పక్కన చాట్ వస్తాయి. చూసేవాళ్లు వెనక్కి జరపగలరు, ముందుకి దూకలేరు. చాట్‌లో మీరు కూర్చుని ప్రశ్నలకి జవాబులివ్వండి. రికార్డు చేసిన కార్యక్రమంలో నిజంగా లైవ్‌గా ఉండేది ఆ ఒక్క భాగమే.

గేము రికార్డింగుని ఎంపీ4లో కాక ఎంకేవీలో చేయండి. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా తీసింది దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి ఎంపీ4గా మార్చుకోవచ్చు. మాట రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, బట్టల బీరువా తెరిచి దాని వైపు తిరిగి మాట్లాడండి. మొత్తం శబ్దం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి, అంతకంటే గట్టిగా పెట్టినా యూట్యూబ్ తగ్గించేస్తుంది.

ప్రశ్న: రికార్డు చేసిన ప్రకటనలో వెనక చప్పట్లు, ఈలలు కలిపితే హుషారుగా ఉంటుంది కదా?
— పాఠకుడు, మండపేట

జవాబు: కలపకండి. ఎదురుగా జనం లేరని చూసేవాళ్లకి తెలుసు, ఆ చప్పట్లు విన్నాక మిగతా వీడియోని కూడా అనుమానంగానే చూస్తారు. హుషారు కావాలంటే రాజోలు బృందానికి చెప్పినట్టు పదిమందిని పిలిచి, గేము చేతికిచ్చి, వాళ్లు ఆడుతుండగా తీయండి. వాళ్ల నోటి నుంచి వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి, ముందుగా వాళ్ల అనుమతి తీసుకుని.